బాలింత జ్వరానికి ట్రంకు కాలు

ఎమ్మిగనూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరినప్పుడు నాకు చెప్పిన మొదటి నియమం, లైను కలపాలి, వినకూడదు, విన్నా మాట్లాడకూడదు. చెవులకు హెడ్‌ఫోను తగిలించి వినవద్దనడం ఏం న్యాయమో మా సూపర్‌వైజరుకే తెలియాలి. ఊళ్లో రోగాలన్నీ నా చెవిలోంచే ఆదోని డాక్టర్ల దగ్గరికి పోయేవి.

డెబ్బైల చివర్లో ఒక మధ్యాహ్నం, పోస్టాఫీసు ఫోను నుంచి ఒకాయన ఆదోని లేడీ డాక్టరుకు ట్రంకు కాలు బుక్ చేశాడు. మగ్గం నేస్తాడట. ఆర్డినరీనా, అర్జంటా అని అడిగానో లేదో, కట్ట తెగినట్టు చెప్పుకొచ్చాడు.

"అర్జంటే అమ్మా. మా ఇంట్లో ఆమెకు కానుపై ఐదు దినాలు. మూడు దినాల నుంచి జరం. సలికి మంచమంతా అదురుతాంది. మైల వాసన వస్తాందని మా అమ్మ అంటాంది. పదకొండో దినం పురుడు కాకుండా బాలింతను బయటికి తీస్కపోగూడదంట. అందుకే ఫోను సేస్తాండా."

"ఇదంతా ఆ డాక్టరమ్మకు చెప్పప్పా" అని లైను కలిపి, గడియారం చూసుకున్నాను. ఒక కాలుకు మూడు నిమిషాలే.

"ఏమప్పా, మీ ఇంట్లో ఆమె ఎట్లుంది?" అని డాక్టరమ్మ అడిగింది.

"మీ దయ వల్ల అందరం బాగుండామమ్మా. మీరు బాగుండారా? పిల్లోల్లు బాగుండారా? సారు బాగుండాడా? ఆదోనిలో వాన పడిందా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ముక్కూమొహం తెలియని నాకు అంత చెప్పినవాడికి, గౌరవించే డాక్టరు పలికేసరికి అసలు సంగతి నోట రాలేదు. పాపం, వెనక పోస్టాఫీసు నిండా జనం. ఆడవాళ్ల సంగతి అంతమందిలో అరిచి ఎట్లా చెప్తాడు? ఎదురుగా నిలబడి ఉంటే డాక్టరమ్మ ఆయన ముఖం చూసే పట్టుకునేది. ఫోనులో ఆ ముఖం కనబడదు.

"కొంచెం ఒళ్లు వెచ్చగా ఉండాదమ్మా" అన్నాడు చివరికి.

"సరే, పురుడు కాగానే తీసుకురా."

"అట్లేనమ్మా."

ఇంకా పది సెకన్లు ఉన్నాయి. ఉద్యోగం పోతుందని భయం వేసింది. ఆ బాలింత చచ్చిపోతుందని అంతకంటే భయం వేసింది.

"డాక్టరమ్మా, నేను ఆపరేటరును" అని, బుక్ చేసేటప్పుడు ఆయన చెప్పిందంతా గడగడా చెప్పేశాను.

డాక్టరమ్మ వేసిన కేకకు నా చెవి గింగురుమంది. "పురుడూ లేదు, గిరుడూ లేదు! ఇప్పుడే జీపు మాట్లాడుకొని తీసుకురా. రేపటికి మనిషి దక్కదు!"

మర్నాడు డాక్టరమ్మే ఎక్స్ఛేంజికి ఫోను చేసి, గండం గడిచిందని చెప్పింది. స్విచ్‌బోర్డు ముందే ఏడ్చేశాను. ఆ ఫోనుతోనే సంగతి సూపర్‌వైజరుకూ తెలిసి, నాకు మెమో వచ్చింది. ఇంకోసారి లైనులో నోరు విప్పితే ఇంటికి పంపిస్తామన్నారు.

రెండు నెలలకు పోస్టాఫీసు నుంచి ఒక ఆడగొంతు. "ఆదోని డాక్టరమ్మ కావల్ల. ముందు మా ఆయప్ప మాట్లాడినాడు. ఈసారి నేనే మాట్లాడతా."

కలిపాను. బిడ్డకు ఎన్నిసార్లు విరేచనమైందో, ఏ రంగో, పాలు ఎప్పుడు తాగాడో, ఒక్క పలకరింపూ లేకుండా నిమిషంలో చెప్పేసింది. "ఆయమ్మ బాగుండాదా అని అడుగు మే" అని వెనక మొగుడి గొంతు. "నువ్వు ఊరకుండు" అందామె. నవ్వు ఆపుకోలేకపోయాను. ఇద్దరూ ఎంత ముద్దొచ్చారో చెప్పలేను. డాక్టరమ్మ బిడ్డకు ఏం పట్టాలో చెప్పి పెట్టేసింది.

ఆమె మాత్రం ఫోను పెట్టలేదు.

"అమ్మా, ఆ పొద్దు నా సంగతి డాక్టరమ్మకు సెప్పింది నువ్వేనా?"

సూపర్‌వైజరు నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.

"నేనేనమ్మా" అన్నాను, ఆయనకు కూడా వినబడేట్టు.