దూకడం మానేసిన టైలరమ్మ

టైలరమ్మకి అరవై దాటాయి. ముప్పై ఏళ్ళు పరదాలూ సోఫా కవర్లూ కుట్టి కుట్టి కుడి మోకాలు అరగదీసుకుంది. కాలితో తొక్కే మిషను మరి. మొగుడు బస్సు డ్రైవరు. రిటైరవగానే ఆయనకి ఓ పాత తెరచాప పడవ మీద మనసు పడింది. లోపల రెండు ఇరుకు మంచాలు, ఓ స్టవ్వు, రేవులోకి వచ్చేటప్పుడు వాడుకునే చిన్న ఇంజను, లేచి నిలబడితే తలకి తగిలే కప్పు. ఇద్దరే ఆ పడవ నడుపుకుంటూ రేవు రేవునా ఆగుతూ తిరిగేవాళ్ళు. చిరిగిన తెరచాపకి అతుకు వేసేది ఆవిడ, వంట ఆవిడ. చక్రం మాత్రం ఆయనది.

"నా సర్వీసులో బస్సుకి ఒక్క గీత పడనివ్వలేదే" అనేవాడు.

బస్సుకి బ్రేకుంది. పడవకి లేదు. అక్కడే వచ్చింది చిక్కు.

పడవలు కట్టే చెక్కల జెట్టీ కనబడగానే ఆయన కేకలు మొదలు. "తాడు పట్టుకుని దూకవే! ఏం చూస్తున్నావు, నీళ్ళలో చేపల్ని లెక్కపెడుతున్నావా?"

మధ్యలో బారెడు నీళ్ళు. ఆవిడ ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని దూకేది. రెండుసార్లు మోకాలు బూరెలా పొంగింది. మూడోసారి డాక్టరు, "ఇంకోసారి దూకారంటే మెట్లు కూడా ఎక్కలేరమ్మా" అని తేల్చేశాడు.

దూకకపోతే పడవ మానుకోవాలి. కిటికీ లేని కొట్లో సగం జీవితం గడిపిన మనిషి, ఇప్పుడిప్పుడే గాలి పీలుస్తోంది. మానుకోవడం ఆవిడ వల్ల కాదు.

ఓ రేవులో వీళ్ళ పక్కన ఓ ముసలాయన పడవుండేది. డెబ్బై అయిదేళ్ళ వాడు, తోడెవరూ లేరు. ఓ రోజు ఆయన పడవ కట్టే తీరు చూసి ఆవిడ చేస్తున్న పని ఆపేసింది. కేక లేదు, పరుగు లేదు.

"అన్నయ్యగారూ, దిగకుండానే ఎలా కట్టారండీ?"

"దూకమని అరిచే మొగుడు నాకు లేడు కదమ్మా" అని నవ్వాడాయన. "పడవ నడుముకి, సరిగ్గా మధ్యన, ఒకటే తాడు, కొసన ఉచ్చు. దాన్ని చక్రం దగ్గరికి తెచ్చుకుంటా. జెట్టీ గుంజ నా పక్కకి రాగానే తగిలిస్తా. గేరు మెల్లగా ముందుకి, చక్రం నీళ్ళవైపుకి. పడవ దానంతటదే జెట్టీకి ఒత్తుకుని నిలబడుతుంది. మిగతా తాళ్ళు టీ తాగి కట్టుకోవచ్చు."

ఆవిడ బుర్రకి ఇట్టే ఎక్కింది. పొడుగు పరదాకి ముందు మధ్యలోనే గుండుసూది గుచ్చాలి. కొసన మొదలెడితే రెండో కొస పారిపోతుంది. ఆ మధ్యాహ్నమే ఓ తాడుకి ఉచ్చు వేసి, అది మూసుకుపోకుండా పాత నీళ్ళ గొట్టం ముక్క తొడిగి కుట్టేసింది.

మొగుడు చూసి మూతి తిప్పాడు. "ఇది నాలుగు టన్నుల పడవే, నీ పరదా కాదు. అంత భయమైతే నేనే దూకుతా. నువ్వు చక్రం ఊరికే పట్టుకుని నించో, చాలు."

మర్నాడే దూకాడు, ముందుతాడు పట్టుకుని. గాలి జెట్టీ మీంచి నీళ్ళవైపుకి కొడుతోంది. తాడు లాగేసరికి పడవ ముక్కు ఇటొచ్చింది, వెనక భాగం గాలికి అటు పోయింది. ఆ బరువుకి ఆయన కాళ్ళు చెక్కల మీద జరజరా జారాయి. వదలకపోతే నీళ్ళలో పడతాడు. వదిలేశాడు. టైలరమ్మతో సహా పడవ వెళ్ళిపోయింది.

"రివర్స్ వెయ్యవే! కాదు కాదు, ముందుకి! అయ్యో, ఆ పక్క పడవ!"

"మీరు కాసేపు నోరు మూసుకోండి!"

పెళ్ళయ్యాక ఆయన్ని అంత మాటనడం అదే మొదలు.

గేరు తీసేసి, ముందుకెళ్ళి, నీళ్ళలో ఈడ్చుకొస్తున్న తాడు పైకి లాగింది. అది ఇంజను పంకాకి చుట్టుకుంటే ఇక అంతే సంగతులు. నడుం తాడు చేతికి దగ్గరగా పెట్టుకుని, చుట్టు తిరిగి, నత్తలా జెట్టీకి వచ్చింది. ఉచ్చు గుంజకి జానెడు దూరంలో పడింది. కంగారు పడలేదు. మళ్ళీ బయటికి పోయి మళ్ళీ వచ్చింది. ఈసారి పిల్లాడి తల మీంచి చొక్కా తొడిగినట్టు ఉచ్చు గుంజకి తొడిగింది. గేరు ముందుకి, చక్రం నీళ్ళవైపుకి. తాడు కిర్రుమని బిగిసింది. పడవ మెల్లగా ఒరుసుకుంటూ వచ్చి జెట్టీకి ఆనుకుంది.

ఆయన చేయి చాచాడు. "దిగవే, పట్టుకుంటా."

"అక్కర్లేదు" అంటూ ఎడమకాలు జెట్టీ మీద పెట్టి, గడప దాటినట్టు దిగింది.

తర్వాతి రేవులో ఆవిడే చక్రం పట్టుకుంది. ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగాడు.

"మరి నేనేం చెయ్యనే?"

"పడవ జెట్టీకి గీసుకోకుండా ఆ గాలి బుడ్డలు పక్కన వేలాడదీయండి. తర్వాత దిగి మిగతా తాళ్ళు కట్టండి. పడవ ఆగాకే సుమండీ."

ఆగాకే దిగాడు.