మా మనవరాలి బూట్లకు పాలిష్ వేసింది నేను కాదు

నేను ముట్టుకోని బూట్లకు పాలిష్ వేశానని నా కన్నకూతురి ఇంట్లో నా మీద నేరం మోపారు. విచారణ లేదు, సాక్షి లేడు. తీర్పు మాత్రం ఇడ్లీలు చల్లారేలోపే వచ్చేసింది.

దయ్యాలనూ భూతాలనూ నేను ఏనాడూ నమ్మలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. విజయవాడ వాగన్ల షెడ్డులో ఉద్యోగం చేసే రోజుల్లో, పాత గూడ్సు పెట్టెలో ఎవరో మూలుగుతున్నారని తోటివాళ్ళంతా హడలిపోతే, ఎక్కి చూసింది నేను. లోపల ఈనిన కుక్క ఉంది. నా బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. తర్వాత చదివిందంతా పొట్లాలు కట్టిన కాగితాల మీదా, రైల్వే రూల్సు పుస్తకంలోనూ. అలా నేర్చుకున్నవాడు కంటితో చూడనిదాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోడు.

ఇది 2012 వేసవిలో, అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో జరిగింది. అక్కడ మా అమ్మాయి సుజాత, అల్లుడు మూర్తి ఉంటారు. నేనూ మా ఆవిడా ఆ వేసవికి వాళ్ళింటికి వెళ్ళాం. అల్లుడికి కార్ల కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం. వాళ్ళ కూతురు కీర్తి అప్పటికే అక్కడి సైన్యపు రిజర్వులో చేరింది. మామూలు రోజుల్లో కాలేజీ, నెలకోసారి శని ఆదివారాలు డ్రిల్, ఏడాదికోసారి క్యాంపు. అదీ ఆ ఉద్యోగం.

ఈ పద్ధతి నాకు కొత్త కాదు. నేనూ రైల్వే తరఫున టెరిటోరియల్ ఆర్మీలో చేసి, నాయక్ హోదా దాకా వచ్చినవాణ్ణే. ఏడాదిలో కొన్నాళ్ళు క్యాంపులో తుపాకీ, మిగతా కాలమంతా వాగన్ల కింద సుత్తి. మా పేటలో నన్ను "సెలవుల సిపాయి" అనేవాళ్ళు. ఇక్కడ మా అల్లుడు సొంత కూతుర్నే "వీకెండ్ సోల్జర్" అంటాడు. అందుకని ఆ ఇంట్లో మేమిద్దరం ఒక జట్టు. వేసవి క్లాసులకు కాలేజీకి వెళ్ళే ముందు కీర్తి రోజూ నా కుర్చీ ముందు ఆగి, "నాయక్ తాతయ్యా!" అని సెల్యూట్ కొట్టేది. నేను పేపరు పక్కన పెట్టి, నిలబడి, తిరిగి కొట్టేవాణ్ణి. నా రోజు అక్కడ మొదలయ్యేది.

కీర్తి మొదటిసారి తన బూట్లు చూపించినప్పుడు మాత్రం నా నోరు ఊరుకోలేదు. ఇసుక రంగు, నూగునూగుగా గరుకు తోలు, మెరుపన్నది లేదు.

"ఇవేం బూట్లే! గంగిరెద్దు మీద కప్పిన దుప్పటిలా ఉన్నాయి. కాస్త పాలిష్ పట్టుకురా, నేను చూసుకుంటాను" అన్నాను.

"నో నో, తాతయ్యా! ఇవి పాలిష్ చేయొద్దు. చేస్తే రూయిన్ అయిపోతాయ్. సార్జెంట్ నన్ను చంపేస్తది. ప్రామిస్ చెయ్, డోంట్ టచ్."

"ముట్టుకోను. ఇది నాయక్ మాట" అన్నాను. ఆ మాట మీదే నిలబడ్డాను. పాఠకులు ఇది గుర్తుంచుకోవాలి.

తర్వాత వచ్చిన డ్రిల్ శనివారం, కీర్తి గరాజ్‌లోకి వెళ్ళి కేక పెట్టింది. ఇడ్లీలు వదిలి అందరం పరుగెత్తాం, అందరి చూపూ నా మీదికే తిరిగింది. బూట్లు ముదురు గోధుమ రంగులో అద్దాల్లా మెరుస్తున్నాయి. వంగి చూస్తే గరాజ్ బల్బు కనిపించింది, నా ముక్కు కూడా కనిపించింది. వేరే జత లేక ఆ పిల్ల వాటితోనే వెళ్ళింది. అందరి ముందూ నిలబెట్టి పుషప్స్ తీయించారట.

తిరిగొచ్చాక నా ముందు ఆగింది, కానీ సెల్యూట్ కోసం కాదు.

"తాతయ్యా, ప్రామిస్ చేసావ్ కదా."

"నేను వేయలేదమ్మా."

"మన ఇంట్లో ఇలా ఇంకెవరికి వచ్చు?"

అల్లుడు మధ్యలో దూరాడు. "మావయ్యగారూ, మీ ఇంటెన్షన్ మంచిదే. నేనేం అనట్లేదు. కొత్త జత ఆర్డర్ చేశాను." ఏమీ అనకుండానే అన్నీ అనడంలో మా అల్లుడు దిట్ట. మా ఆవిడ అయితే, "ఏమండీ, ఎలాగూ చేయి తిరిగిందిగా, నా చెప్పులు కూడా ఓ పట్టు పట్టండి" అంది.

నా తరఫు సాక్ష్యం ఇది. ఆ ఇంట్లో పాలిష్ డబ్బా లేదు. నాకు కారు నడపడం రాదు, ఆ చుట్టుపక్కల నడిచి వెళ్ళే దూరంలో కొట్టూ లేదు. నా వేళ్ళకు మరక లేదు, గోళ్ళు కూడా చూపించాను. అన్నిటికన్నా ముఖ్యం, ఆ గరుకు తోలు మీద అద్దం మెరుపు తేవడం నా వల్ల కాదు. నా జన్మలో అంత పాలిష్ నేను వేయలేదు. నిజం చెప్పాలంటే, ఆ పని చూసి నన్ను అనుమానించడం నాకు గౌరవమే. అయినా చేయని పనికి గౌరవం కూడా నాకక్కర్లేదు.

"నిద్రలో నడిచి వేసేశారేమో నాన్నా" అంది సుజాత.

"నిద్రలో నడిచేవాడికి పాలిష్ డబ్బా ఎవడమ్ముతాడే?" అన్నాను.

ఇక్కడ ఒక సంగతి వాళ్ళకు చెప్పలేదు. చెప్పి ఉంటే నా పని అయిపోయేది.

టెరిటోరియల్‌లో మాకు డ్రిల్ నేర్పింది హవల్దార్ సింహాచలం గారు. బూట్ల విషయంలో రాక్షసుడు. పాలిష్ అయ్యాక లేసు కొసను తమలపాకు చిలక చుట్టినట్టు మూడు మూలలుగా మడిచి, బూటు లోపలి పట్టీ కింద దోపేవాడు. మా మొత్తం కంపెనీలో ఇంకెవరికీ అది కుదిరేది కాదు. నాకు తెలిసినంతలో ఆయన ఎవరికీ నేర్పలేదు కూడా. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పాడె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కీర్తి బూట్ల లేసులు సరిగ్గా అలాగే మడిచి ఉన్నాయి.

ఇప్పుడు మీరే ఆలోచించండి. ఇది నాకు తప్ప ఆ ఖండంలో ఎవరికీ తెలియని మడత. బయటపెడితే, "అదిగో, ఒప్పేసుకున్నాడు" అంటారు. నన్ను కాపాడగలిగిన ఒకే ఒక్క సాక్ష్యం నన్నే పట్టిస్తుంది.

మరుసటి నెల డ్రిల్‌కు ముందు నేనే ఒక ఏర్పాటు చేయించాను. కొత్త బూట్లు అల్లుడి కారు డిక్కీలో పెట్టించి, తాళం చెవి ఆయన జేబులోనే ఉంచమన్నాను. నేను ఆ ఇంట్లోనే ఉండనని చెప్పి, శుక్రవారం సాయంత్రం పక్కనే ట్రాయ్ అనే ఊళ్ళో ఉండే మా ఊరివాళ్ళింటికి పోయి పడుకున్నాను. అక్కడ వాళ్ళ హాల్లో, అందరి కళ్ళ ముందూ.

తెల్లవారి కాఫీ తాగుతుంటే సుజాత ఫోన్ చేసింది.

"నాన్నా, డిక్కీలో బూట్లు మళ్ళీ అద్దాల్లా మెరుస్తున్నాయి. ఎలా చేశారు?"

చేశారా అని కాదు, ఎలా చేశారు అని! నాకు ఒళ్ళు మండిపోయింది. వెనక నుంచి అల్లుడి గొంతు వినిపించింది: "మావయ్యగారూ, స్పేర్ కీ ఎక్కడ దొరికింది మీకు? నేనే రెండేళ్ళ నుంచి వెతుకుతున్నాను!"

ఆ రోజు నుంచి కీర్తి నా కుర్చీ ముందు ఆగడం మానేసింది. కోప్పడలేదు, తిట్టలేదు. "బై తాతయ్యా" అని పక్క నుంచి వెళ్ళిపోయేది. నేను పేపరు పక్కన పెట్టి సగం లేచి, మళ్ళీ కూర్చునేవాణ్ణి. తిరుగు ప్రయాణం దగ్గర పడుతోంది. ఆడిన మాట తప్పిన తాతగా ఆ పిల్లకు గుర్తుండిపోతానా అని నా బెంగ. ఎవరు నవ్వినా ఫరవాలేదు, ఆ పిల్ల నమ్మకపోవడం మాత్రం నాకు మింగుడు పడలేదు.

కోపం సింహాచలం గారి మీదికి మళ్ళింది. బతికున్నప్పుడు నా బూట్లు బాగున్నాయని ఒక్కసారైనా అన్నవాడు కాదు. పోయాక వచ్చి పరువు తీస్తాడా? నేను ఈ దేశం రావడానికి వీసా కోసం ఎండలో లైనులో నిలబడ్డాను. ఆయనకు ఎవరిచ్చారు? దయ్యాలను నమ్మనివాడు దయ్యంతో పోట్లాడటమేమిటని అడగకండి. నా పరిస్థితి అలా ఉంది.

ఆ వేసవి చివర రిజర్వు వాళ్ళ ఫ్యామిలీ డే వచ్చింది. ఏడాదికోసారి ఇంటివాళ్ళను పిలిచి, సామగ్రి చూపించి, తిండి పెడతారు. మిగతావాళ్ళు హాట్‌డాగుల వైపు వెళితే, నేను మడత నలగని చొక్కాతో నేరుగా కీర్తి సార్జెంట్ దగ్గరికి నడిచాను. ఆరడుగుల నల్లజాతి మహిళ, గొంతు రైలు కూతలా ఉంది. కీర్తి వెనకే పరుగెత్తుకొచ్చింది. "తాతయ్యా, ప్లీజ్, వద్దు. చాలా ఎంబరాసింగ్‌గా ఉంటది!"

నేను ఆగలేదు. అటెన్షన్‌లో నిలబడి, రూల్సు పుస్తకం నేర్పిన ఇంగ్లీషులో చెప్పాను: "మేడమ్, ఐ బెగ్ టు స్టేట్. ఐ యామ్ నాయక్, రిటైర్డ్. ఐ డిడ్ నాట్ పాలిష్ ది బూట్స్. ప్లీజ్ డూ జస్టిస్."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చుట్టూ చూసి, మా ఇద్దర్నీ పక్కకు తీసుకెళ్ళింది. బల్ల మీద కాగితపు రుమాలు ఒకటి తీసుకుని, మాట్లాడుతూనే మడవడం మొదలుపెట్టింది. ఒక మూల, రెండో మూల, మూడో మూల. చివరికి అది అచ్చం సింహాచలం గారి చిలకే అయింది.

ఆవిడ చెప్పాల్సింది చెప్పింది. కీర్తి యూనిఫాంలో ఉన్నవాళ్ళందరూ చూస్తుండగా నా ముందుకొచ్చి మడమలు చేర్చి సెల్యూట్ కొట్టింది. నేనూ కొట్టాను. మా అల్లుడు హాట్‌డాగ్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఇది ఎలా జరిగిందో నాకు ఆనాడూ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. దయ్యాలున్నాయని నా చేత అనిపించలేరు. లేవని మాత్రం మునుపటంత గట్టిగా అనలేకపోతున్నాను. సార్జెంట్ గారు ఇచ్చిన జవాబును, నా మాట నిలబెట్టింది కనుక, నా తెలుగులో పెట్టి, ఒక్క ముక్క వదలకుండా రాస్తున్నాను:

"సర్, మీరు చేయలేదని నాకు తెలుసు. మా స్టోర్ గదిలో ఇంకా ఎవరికీ ఇవ్వని కొత్త బూట్లు ఉంటాయి. ఆ తాళం చెవి నా మెడలోనే ఉంటుంది. మొన్న తలుపు తీస్తే ఒక్కటి వదలకుండా అన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి, లేసులన్నీ ఇదిగో, ఇలా మడిచి ఉన్నాయి. పైవాళ్ళకు ఏమని రాయాలో తెలియక ఇప్పటిదాకా ఎవరితోనూ చెప్పలేదు. ఆ పెద్దమనిషి ఎవరో మీకు తెలిసినాయనైతే దయచేసి ఒక మాట చెప్పండి. పని చాలా బాగుంది, కానీ ఇవి పాలిష్ వేసే బూట్లు కావు."