వారమంతా ఒక్కపొద్దున్న మా అక్క

ఆ రోజు డయాలసిస్ మంచం మీద ఉన్నది నేను. నాకు తోడొచ్చి, కడుపు పట్టుకొని గోడకు జారగిలబడ్డది మా లలితక్క. కుడివైపు డొక్క కింద పట్టేసి వీపు దాకా గుంజుతోందట. "ఏమైందక్కా?" అంటే "గ్యాసే తమ్మీ, నువ్వు పండుకో" అన్నది. ముఖమంతా చెమట. నా చేతికి సూదులు, పైపులు. లేచి పట్టుకుందామంటే వీలులేదు. గట్టిగా కేకేసి నర్సును పిలిచాను.

నేను చౌటుప్పల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనిచేసేవాణ్ణి. రెండు కిడ్నీలు పాడై డయాలసిస్ మీద పడ్డాను. కిడ్నీ ఇద్దామంటే అమ్మకు బీపీ, నా భార్య బ్లడ్ గ్రూప్ కలవలేదు. కల్వకుర్తిలో టైలరింగ్ చేసుకునే అక్కది కలిసింది. హైదరాబాద్‌లో ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్ ఆమె రిపోర్టులన్నీ చూసి, "మీ కిడ్నీలు బాగున్నాయి. కానీ బరువు ఎక్కువ, షుగర్ బార్డర్‌లో ఉంది. బరువు తగ్గి రండి, అప్పుడు చూద్దాం" అన్నారు.

"గంతేనా సార్?" అన్నది అక్క. సంతకు పోయి కూరగాయలు తెమ్మన్నట్టే విన్నది. నేను వద్దంటే నా మీదికే లేచింది. "నా కిడ్నీ, నా ఇష్టం. నడుమల నువ్వెవడివిరా?"

బరువు తగ్గడం మా ఇండ్లల్లో అంత సులువు కాదు. పళ్లెం ముందు కూర్చున్న మనిషి వద్దంటే ఎవరూ వినరు. "డైటింగ్" అంటే నవ్వుతారు. తక్కువ తింటే ఇంట్లో ఏదో గొడవైందనుకుంటారు. అక్క అత్తమ్మ చేతిలో గంటె ఉందంటే ఇంక అంతే, పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి అన్నం పడాల్సిందే. కానీ ఒక్కపొద్దు అన్నామనుకోండి, కథ వేరు. ఒక్క పూటే తిని రెండో పూట అన్నం ముట్టకుండా ఉంటామంటే, బలవంతం చేయడం పక్కన పెట్టి దండం పెడతారు.

మా అక్కకు దారి దొరికింది. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, బుధవారం ఎవరో ఒక దేవుడు, గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మి, శనివారం వెంకటేశ్వరుడు. తమ్ముని కోసం ఎంత మొక్కుతోందో అని వాడకట్టంతా మెచ్చుకున్నారు. అత్తమ్మ మాత్రం ఒకరోజు, "ఆదివారం ఏ దేవుడు లేడా బిడ్డా? గా చికెన్ ఒక్కటెందుకు మిగిల్చినవ్?" అన్నదట.

తమాషా ఏమిటంటే, మొదట్లో అక్క ఒక కిలో పెరిగింది! ఒక్కపొద్దు నాడు అన్నమే కదా తినకూడదు. ఫలహారానికి అడ్డులేదు. రాత్రికి పూరీలు, లేదా సాబుదాన ఉప్మా, రెండు అరటిపండ్లు, పల్లీలు, నిండా చక్కెరతో చాయ్. మెడికల్ షాపులో బరువు చూసే మిషన్ ఎక్కి దిగి, "గీ మిషన్ ఖరాబైంది" అని షాపాయనతో కొట్లాట పెట్టుకున్నది. అవతలి షాపు మిషన్ కూడా అదే మాట చెప్పింది.

అక్కకు కోపం వస్తే ఆగదు. పూరీలు బంద్, ఉప్మా బంద్, పగటిపూట ఆ నాలుగు మెతుకులు, ఆదివారం చికెన్ కూడా బంద్. మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, చక్కెర లేని చాయ్. ఎవరో చెప్పారని నూనె చుక్క ముట్టలేదు. గుడ్డు, పప్పు వేడి చేస్తాయని అవీ మానేసింది. మిట్టమధ్యాహ్నం ఎండలో శ్రీశైలం రోడ్డు పట్టుకొని నడక. చెమట పోతే కొవ్వు పోతుందని ఆమె లెక్క. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి మిషన్ ఎక్కడం.

ఈసారి బరువు దడదడా పడిపోయింది. తన జాకెట్లు తానే విప్పి మళ్లీ మళ్లీ కుట్లు లోపలికి తీసుకున్నది. నాకు ఫోన్ చేసి, "తమ్మీ, ఇంకో కుట్టు లోపలికి పోయింది!" అని సంబరపడేది. జుట్టు ఊడుతున్న సంగతి, సూదిలో దారం ఎక్కించబోతే చేతులు వణుకుతున్న సంగతి నాకు చెప్పలేదు. డొక్కలో నొప్పి అప్పటికే రెండు మూడుసార్లు వచ్చిందట. గ్యాస్ గోలీ మింగి కుట్టుమిషన్ తొక్కుకుంటూ కూర్చున్నది.

ఆ రోజు దవాఖానలోనే అల్ట్రాసౌండ్ తీశారు. గాల్ బ్లాడర్ నిండా స్టోన్స్. నా మంచం దగ్గరికే వచ్చి సర్జన్ అడిగారు, "ఏం తింటున్నవమ్మా?"

"ఒక్కపొద్దు సార్."

"ఏ రోజు?"

"రోజూ."

సర్జన్ నవ్వలేదు. "కడుపులోకి కొంచెమన్నా నూనె చేరితేనే గాల్ బ్లాడర్ తన రసాన్ని బయటికి పంపుతుంది. తినకపోతే అది అక్కడే నిలవుండి గట్టిపడుతది. ఒక్కసారిగా బరువు దించుకున్నోళ్లకు గిది మేం చూస్తనే ఉంటం" అన్నారు. ఆపరేషన్ చేసి తీసేయాలన్నారు.

అక్క అడిగిన మొదటి మాట ఇది: "గిది తీసేస్తే కిడ్నీ ఇయ్యరాదా సార్?"

ఆయన రిపోర్టు పక్కన పెట్టి ఆమెను చూశారు. "ఇయ్యొచ్చు. కానీ ముందు నువ్వు బాగుండాలె" అన్నారు. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. ఇంత నొప్పిలో తన గురించి ఒక్క మాట అడగని మనిషిని ఏమనాలి?

ఆపరేషన్‌కు తేదీ ఇచ్చేలోపే ఒక స్టోన్ జారి ఆ రసం పోయే గొట్టంలో ఇరుక్కుంది. అక్క కండ్లు పసుపు పచ్చగా అయ్యాయి. హైదరాబాద్ తీసుకుపోయి ఈఆర్‌సీపీ అని నోట్లోంచి పైపు వేసి ఆ స్టోన్ తీశారు. తర్వాత లాపరోస్కోపీ చేసి గాల్ బ్లాడర్ తీసేశారు. ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్, "కొన్ని నెలలు ఆగాలి. బలం రావాలి, బరువు మళ్లీ పెరగకూడదు" అన్నారు. అవే ఎండాకాలం రోజులు. డయాలసిస్ వాళ్లకు నీళ్లు కొలతే. నేను దాహం ఆపుకోలేక తాగేశాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఐసీయూలో పడ్డాను. ఇంకా కుట్లు ఆరని అక్క ఫోన్ చేసింది. "నేనింకా మొదలే పెట్టలే, నువ్వప్పుడే పోతనంటవేందిరా?" అని తిట్టి, అవతల ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఈసారి అక్క దవాఖాన డైటీషియన్ దగ్గర కూర్చున్నది. ఆ అమ్మాయి చెప్పినవన్నీ మామూలు విషయాలే. పొద్దున తినాలి. మూడు పూటలూ తినాలి. పళ్లెంలో సగం కూరగాయలు, పప్పో గుడ్డో తప్పకుండా ఉండాలి. అన్నమైనా జొన్నరొట్టె అయినా కొలత ముఖ్యం. నూనె తగ్గించాలి, పూర్తిగా మానకూడదు. చల్లపూట నడవాలి. వారానికి ఒక్కసారే బరువు చూసుకోవాలి. నెమ్మదిగా తగ్గితే సంతోషించాలి. చివరికి ఒక మాట అడిగింది: "ఇంట్లో వద్దంటే వినరని దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నరు కదమ్మా? దేవుని పేరు చెప్పకుండ ‘చాలు’ అనడానికి వస్తదా?"

అదే మా అక్కకు అన్నిటికంటే కష్టమైన పని. కడుపు కోయించుకోవడానికి భయపడని మనిషి, అత్తమ్మ గంటె ముందు నోరు విప్పడానికి వారం తీసుకున్నది. అప్పుడు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అత్తమ్మ గంటె లేపి, "ఇయ్యాల ఏ దేవునిది?" అన్నది.

"ఏ దేవునిది కాదత్తమ్మా. కడుపు నిండింది. చాలు."

అత్తమ్మ గంటె ఠంగుమని గిన్నెలో వేసింది. "నా చేతి వంట చేదైందిలే" అని రెండు రోజులు మూతి ముడుచుకున్నది. బావ నడుమ పడబోతే అక్క ఆపింది. ఆ రెండు రోజులూ పూటకింత తిని, "పప్పు బాగుందత్తమ్మా, చాలు" అని లేచింది. తిన్నాకే చాలంటోందని ముసలమ్మకు మెల్లగా అర్థమైంది. తర్వాత ఒక పెండ్లిలో ఎవరో అక్క పళ్లెంలో బగారన్నం గుమ్మరించబోతే, అత్తమ్మే చెయ్యి అడ్డం పెట్టింది. "మా కోడలు చాలంటే చాలే. గంటె తియ్!" అన్నది.

బరువు దిగడానికి చాలా కాలం పట్టింది. కొన్ని వారాలు మిషన్ ముల్లు కదలనే లేదు. అక్క కొట్లాడలేదు, మానలేదు. షుగర్ మామూలుకు వచ్చింది, చేతుల వణుకు పోయింది. మళ్లీ పరీక్షలు చేసిన ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్, "ఇప్పుడు తీసుకుంటాం" అన్నారు. నేను చాలామంది గట్టివాళ్లను చూశాను. ఒకసారి తప్పుదారిన పోయి, అంత దెబ్బ తిని, సిగ్గుపడి కూర్చోకుండా మళ్లీ మొదటి నుంచి నడిచిన మనిషిని మా అక్కనే చూశాను.

అక్క కిడ్నీ నాకు పెట్టారు. ఇప్పుడిద్దరం బాగున్నాం. నేను టైముకు మందులు వేసుకుంటున్నాను, అక్క కుట్టుమిషన్ తొక్కుతోంది. ఇది చదివి బరువు తగ్గాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పూటలు మానకండి, పూటపూటకూ కొంచెం ముందే ‘చాలు’ అనండి. డొక్కలో నొప్పి వస్తే గ్యాసని మీకు మీరే తేల్చుకోకుండా డాక్టరుకు చూపించండి.

మొన్న అక్క మా ఇంటికి వచ్చింది. కొత్త కిడ్నీ ఉన్నవాళ్లు నీళ్లు బాగా తాగాలని డాక్టర్ చెప్పారు కదా, వచ్చిందగ్గర్నుంచి చెంబు పట్టుకొని నా వెంటే. ఎన్నో ఏండ్లు గుక్కలు లెక్కపెట్టుకొని తాగిన నేను, గటగటా తాగి గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"చాలక్కా."

అక్క నా చెయ్యి పక్కకు జరిపి మళ్లీ నింపింది. "ఆ మాట నాది. నువ్వు తాగు" అన్నది.