ఒరిజినల్ మెమో ఎవ్వరికియ్యకు

మా మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నా సంచిలో ఒక పిల్ల పదో తరగతి ఒరిజినల్ మెమో ఉంది. పావుగంట ముందే దాన్ని వాళ్ల నాయిన చేతిలోంచి తీసుకున్నాను. జడ్చర్ల దాటాక ఒక పల్లె, మే నెల, మిట్టమధ్యాహ్నం. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఎండాకాలం వస్తే పాఠాలుండవు, ఊరూరా తిరిగి పిల్లల్ని పట్టుకురావాలి. 'పట్టుకురావడం' అన్న మాట నాది కాదు, మా ప్రిన్సిపాల్‌ది.

"పొద్దుగాల లేవనే లేదంట. నిద్రల్నే పోయిందంట," అంది ఫోన్‌లో నా ఇంటర్ దోస్తు. "నిన్న గూడ మూడూర్లు తిరిగొచ్చిందంటనే, గంత ఎండల."

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు. కాబట్టి ఈ స్మృతిలో మెత్తటి మాటలు వెతక్కండి.

ఆమె మా మండలం సర్కారు జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్. ఏళ్ల తరబడి కాంట్రాక్టు ఉద్యోగమే. ఆ రోజుల్లో ఎండాకాలం సెలవులకు జీతం కూడా వచ్చేది కాదు. అయినా ఒక పుల్ల విరిగిన గొడుగు వేసుకుని, సంచిలో పల్లిపట్టీలు పెట్టుకుని ఊళ్లు తిరిగేవారు. పిల్లలు తగ్గితే కాలేజీ ఎత్తేస్తారని భయం. ఎత్తేస్తే మా ఊరి ఆడపిల్లలు పదితోనే ఆగిపోతారని అంతకన్నా పెద్ద భయం. ఆ భయం పడాల్సినవాళ్లు చల్లటి గదుల్లో కూర్చుంటే, జీతం లేని మనిషి ఎండలో తిరిగింది.

మాది నల్లగొండ వైపు మగ్గాల ఊరు. నాయిన నేస్తాడు, అమ్మ ఆసు పోస్తుంది, అవ్వ రాట్నం మీద కండెలకు దారం చుడుతుంది. ఆసు పోయడమంటే, వంపు తిరిగిన మేకుల చట్రం మీద దారం పట్టుకుని చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూనే ఉండాలి, ఒక్క చీరకు వేలసార్లు. అమ్మ భుజం ఇప్పటికీ పైకి లేవదు. పది పాసైతే ఆ చట్రం ముందు నేను కూర్చోవాల్సిందే అనుకున్నారంతా.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు మేడం మా ఇంటికి వచ్చారు. నాయిన కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు. అవ్వ పక్కన నేల మీద చతికిలబడి రాట్నం తిప్పడం మొదలుపెట్టారు. రెండుసార్లు దారం తెంపారు కూడా.

"గట్ల గుంజితె తెగదా? ఏం సదువుకున్నవమ్మా నువ్వు?" అని అవ్వ కసిరింది.

"గీ పని నేర్సుకోలేదవ్వా," అన్నారు మేడం.

గంటసేపు కాలేజీ మాటే ఎత్తలేదు. తర్వాత నన్ను పిలిచి చెప్పింది కూడా ఇంతే: "మా తాన ఫ్యాన్లు తిరుగయి. బాత్రూంకు తలుపు వెట్టిస్తమన్నరు, నాకైతె నమ్మకం లేదు. మైక్రోస్కోపులు రెండున్నయి, ఒకటి మంచిగ పనిచేస్తది. నేనైతె ఒక్క రోజు గూడ క్లాసు ఎగ్గొట్ట. వస్తవా?"

ఇలా చెప్పి పిల్లల్ని చేర్పించుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

కానీ ఆమె రెండు రోజులు ఆలస్యంగా వచ్చారు. అప్పటికే మా నాయిన ఒక ఘనకార్యం చేసి ఉన్నాడు. ఒక ప్రైవేటు కాలేజీ మనిషి బండి మీద వచ్చాడు. మా కులమే, దూరపు చుట్టం. రంగు కాగితాలు పరిచి, ల్యాబుంది, బస్సుంది, బైపీసీలో సీటు పక్కా అన్నాడు.

"బావా, ఒరిజినల్స్ నా తాన వెట్టు. ఇగ ఫికర్ జెయ్యకు."

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. చీర కొన్నా కొనకున్నా, వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపం. జామకాయో, జాకెట్టు ముక్కో చేతిలో పెడతాం. నాయిన నా మెమో, టీసీ తీసి, కొత్త చీర కవర్లో పెట్టి, మూలకు పసుపు రాసి మరీ ఇచ్చాడు. దొంగ చేతికి తాళాలిచ్చి, తాళాలకు బొట్టు పెట్టాడు మా నాయిన!

కాలేజీకి వెళ్లి చూస్తే ఎరువుల దుకాణం మీద నాలుగు గదులు. ల్యాబు లేదు. "గీ ఏడు బైపీసీ లేదు, సీఈసీల కూసో," అన్నారు. వద్దు, కాగితాలివ్వండి అంటే, రెండేండ్ల ఫీజు కట్టి తీసుకుపొమ్మన్నారు. నాయిన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇల్లు చేరాక మగ్గం గుంతలో దిగి కూర్చున్నాడు గానీ నెయ్యలేదు. మేడం వచ్చింది ఆ మర్నాడే.

ఇదంతా విని ఆమె ముఖం ఎర్రబడింది. "ఒరిజినల్ ఎట్లిచ్చినవన్నా?" అన్నారు.

"ఇంటిదాక వచ్చినోన్ని ఒట్టి చేతులతోటి ఎట్ల పంపుత మేడం?"

మేడం గొడుగు తీసుకుని లేచారు. "రేపు పొద్దుగాల ఇద్దరు తయారుగుండ్రి," అని మాత్రం అన్నారు.

మర్నాడు మేడం ఆ కాలేజీ మెట్ల మీద, మొదటి మెట్టున కూర్చున్నారు. గొడుగు మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకున్నారు. అరవలేదు. లోపలికి కూడా పోలేదు. అవి చేరికల రోజులు కదా, పిల్లల్ని వెంటబెట్టుకుని జనం వస్తున్నారు. దారికి అడ్డంగా ఉన్న మనిషిని ఎవరైనా అడుగుతారు.

"గీడ కూసున్నరేందమ్మా?"

"గీ పిల్ల మెమో పైనుంది. అడిగితె ఇస్తలేరు. గందుకే."

ఎవరడిగినా అదే జవాబు. అడిగినాయన తన చేతిలో ఉన్న కవర్ వంక చూసుకునేవాడు. మూడో కుటుంబం వెనక్కి తిరిగాక ప్రిన్సిపాల్ పరుగున దిగాడు.

"లోపట కూసొని మాట్లాడుదాం రండ్రి మేడం."

"లోపట నాకేం పని సార్? మెమో బయటికొస్తె సాలు."

మధ్యాహ్నానికి మెమో, టీసీ మెట్లు దిగి వచ్చాయి, మూలన పసుపు మరకతో సహా. మేడం వాటిని నాయినకు ఇవ్వలేదు. నాయిన జేబులో ఎప్పుడూ ఉండే దారం ముక్క అడిగి, కవర్‌కు చుట్టి ముడేసి, నా చేతిలో పెట్టారు.

"పిల్ల కాయితం పిల్ల చేతిల ఉండాలె. ఒరిజినల్ మెమో ఎవ్వరికియ్యకు బిడ్డా. నాగ్గూడ ఇయ్యకు."

చెప్పినట్టే చేశారు. నేను చేరిన రోజు మెమో చూసుకుని, జిరాక్స్ తీసుకుని, నేను బెంచీ మీంచి లేవకముందే తిరిగిచ్చేశారు. టీసీకి రసీదు రాసిచ్చారు. ఆమెకు పేర్లు గుర్తుండేవి కావు, అందరం 'బిడ్డా'లమే. కోపం వస్తే సుద్దముక్క విసిరేవారు. కానీ రెండేళ్లలో ఒక్క క్లాసూ ఎగ్గొట్టలేదు.

అలాంటి మనిషి దగ్గర చదువుకుని నేనేం చేశాను? ఎమ్మెస్సీ అయ్యాక నౌకరీ దొరక్క ప్రైవేటు కాలేజీలో చేరాను. మేలో మీటింగ్ పెట్టి మాకు నేర్పారు. తల్లి కూలికి పోయిన వేళ చూసుకుని తండ్రితో మాట్లాడాలి. పిల్లకు ముందే కాలేజీ పేరున్న బ్యాగు తగిలించాలి. ఏం చెప్పినా చెప్పకున్నా ఒరిజినల్స్ చేతిలో పడాలి, పడితే ఇక ఎక్కడికీ పోరు. తెచ్చినవాళ్లకే మే జీతం. సిగ్గులేకుండా రాసుకున్నాను. నా మెమో పట్టుకున్న ఆ కాలేజీ మీద ఎంత కోపమో, నా మీదా అంతే కోపం.

పోయినేడు బస్సులో మేడం కనిపించారు. ఏం చేస్తున్నావని అడిగితే, "క్లాసులు చెప్తున్న మేడం," అన్నాను. నా సంచిలోంచి రంగు కాగితాలు తొంగిచూస్తూనే ఉన్నాయి. ఆమె చూశారు. "ఎండల తిరుగకు, నెత్తి మీద కొంగేసుకో," అని దిగిపోయారు. తిట్టినా బాగుండేది.

ఫోన్ వచ్చిన రోజు సాయంత్రానికి మేడం ఇంటికి చేరాను. నాయిన నాకన్నా ముందే వచ్చాడు. వీధి మలుపులో ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. మేడం ఫోటో, 'కన్నీటి నివాళి' అన్న అక్షరాలు. దాని కింద ఎర్రరంగులో 'అడ్మిషన్లు జరుగుచున్నవి', రెండు ఫోన్ నంబర్లు. ఎరువుల దుకాణం మీది కాలేజీయే అది. ఇప్పుడు సొంత భవనమట. బతికినన్నాళ్లూ ఆమెను చూస్తే దారి తప్పుకున్నవాళ్లకు, చచ్చాక ఆమె ముఖం పిల్లల్ని పట్టే వలకు పనికొచ్చింది. థూ!

నాయిన తలెత్తి చూశాడు. "గీడ గూడ జాగా దొరికిందా వీళ్లకు?" అన్నాడు. మగ్గం కత్తెర ఆయన జేబులోనే ఉంటుంది. స్టూలు అడిగి ఎక్కి, మేడం ఫోటో దాకా ఉంచి, కింది ముక్కను తిన్నగా, చీర అంచు కోసినట్టు కోసి కింద పడేశాడు. నేను సంచి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల మెమో ఇంకా అందులోనే ఉంది.

మర్నాడు మొదటి బస్సుకే ఆ పల్లెకు పోయాను. దారిలో ప్రిన్సిపాల్ నాలుగుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. వాళ్ల నాయిన పొలం పోయాడట. పిల్ల, వాళ్ల అవ్వ ఉన్నారు.

"మెమో తెచ్చిన. మా కాలేజీల ల్యాబు లేదు బిడ్డా. నిన్న ఉన్నదన్న, అబద్ధమాడిన," అన్నాను. ముందే దారంతో కట్టి పెట్టుకున్న కవర్‌ను పిల్ల చేతిలో పెట్టి, మేడం మాటే చెప్పాను. "ఒరిజినల్ ఎవ్వరికియ్యకు. నాగ్గూడ ఇయ్యకు. మీ మండలంల సర్కారు కాలేజుంది, పొయ్యి చూడు. ఫ్యాన్లు తిరుగుతున్నయో లేదో నాకెర్కలేదు."

పిల్లకు సగమే అర్థమైంది. అవ్వకు మొత్తం అర్థమైనట్టుంది. నేను లేస్తుంటే, "ఆగు బిడ్డా, ఇంటికొచ్చినదాన్ని ఒట్టి చేతులతోటి పంపుతమా?" అని లోపలికి పోయి రెండు మామిడికాయలు తెచ్చి నా సంచిలో వేసింది. అప్పుడు ఏడ్చాను, మేడం పోయాక మొదటిసారి.

మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఆ పిల్ల ఇంకా గడపలోనే నిలబడి ఉంది. నేను చెయ్యి ఊపాను. ఆమె ఊపలేదు. రెండు చేతులూ మెమో మీదే ఉన్నాయి.