సిస్టరక్క పుస్తకంలో నాలుగో కేసు

ఇందుమూలంగా సమస్త కాలనీ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మా నెట్ సెంటర్‌లో మూడో క్యాబిన్‌లోని ప్లాస్టిక్ కుర్చీ నేటి నుంచి సర్వజనులకూ అందుబాటులోకి తేబడుచున్నది. దాని మీది పూల దిండును ఎవరూ ఎత్తుకుపోరాదు. సదరు క్యాబిన్‌లోని ఫ్యాను మూడో నంబరు మీదనే తిప్పవలెను. రెండు మీద పెట్టిన యెడల కిర్రుమనును, ఆ కిర్రుకు యాజమాన్యం బాధ్యత వహించదు.

ఇంత ప్రకటన ఎందుకంటే, ఏడాదిన్నరగా ఆ కుర్చీని ఎవరి కోసం ఖాళీగా ఉంచానో ఆ మనిషి ఇక రాదు. మా కాలనీ దవాఖానలో పనిచేసే సిస్టరక్క మొన్న గురువారం చనిపోయింది. డ్యూటీలోనే, సూదులేసే గదిలో, ఛాతీ పట్టుకుని స్టూలు మీద కూర్చుందట. మళ్లీ లేవలేదు. రాష్ట్రం వచ్చిన సంబురానికి చౌరస్తాలో కట్టిన జెండాలు ఇంకా విప్పనైనా లేదు.

సంతాపం కార్డు కొట్టించడానికి దవాఖాన కంపౌండర్ నా దగ్గరికే వచ్చాడు. ఫోటో చేతిలో పెట్టి, “కింద నాలుగు మంచి మాటలు నువ్వే ఎయ్యన్నా. ఆమె గురించి నీకే మస్తు తెలుసు గదా,” అన్నాడు. తెలుసు. బాధంతా అదే. కార్డు మీద జాగా చాలక ఈ పత్రిక వాళ్లను బతిమాలి ఇంత స్థలం తీసుకున్నాను. పోయినవాళ్ల గురించి మంచే రాయాలని కొందరంటారు. వాళ్లు ఈ పేజీ తిప్పేయవచ్చు.

నా సంగతి గోదావరిఖనిలో చాలామందికి తెలుసు. పదో తరగతి మీద రెండుసార్లు దండెత్తి రెండుసార్లూ ఓడినవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాలు ఇరవయ్యారూ వచ్చు, వాటి అర్థంతో నాకు పనిలేదు. ఎదురుగా కాగితం పెడితే ఏ అక్షరం తర్వాత ఏ అక్షరముందో చూసి గబగబా కొట్టేస్తాను. హాల్‌టికెట్లు, బయోడేటాలు, లాయర్ నోటీసులు, అన్నీ అట్లా కొట్టినవే. నా చేతుల మీదుగా పోయిన సంగతులు నా చెవిన పడవు. ఈ వ్యాపారంలో నా నిజాయితీ అంతా నాకు ఇంగ్లీషు రాకపోవడమే.

మూడేళ్ల కిందట, ఫస్ట్ షిఫ్టు దిగి తెల్ల చీర మీదనే వచ్చింది సిస్టరక్క. దుకాణంలో ఎవరూ లేరని చూసుకుని అడిగింది.

“తమ్మీ, ఆన్‌లైన్ల చదువుకోవచ్చునట గదా?”

“ఎవరికక్కా, బిడ్డకా?”

“నాకే.”

ఆమెకప్పుడు నలభై ఎనిమిదేళ్లు. నేను బల్ల మీద పడి నవ్వాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, “నవ్వుడైపోయినంక జెప్పు, ఫారం ఎట్ల నింపాలె,” అంది.

ప్రజారోగ్యంలో పీజీ అట. ఎక్కడో దూరపు విశ్వవిద్యాలయం, పాఠాలన్నీ కంప్యూటర్‌లోనే. ఉద్యోగం చేస్తూనే డిగ్రీ ఎప్పుడో ముగించిందని నాకు ఆ రోజే తెలిసింది. ప్రజారోగ్యమంటే ఏందని అడిగితే చెప్పింది, “నేను సూది ఏస్తె ఒక్కనికి తగ్గుతది. బోరింగు కాడ మురికికాల్వ మూపిస్తె వాడకట్టు మొత్తానికి సూదే అక్కెర పడదు. సూదులేసుడు ఇరవై ఏండ్లు జేసిన. గా రెండోది నేర్చుకుంట.”

చదువు సంగతి ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. దవాఖానలో తెలిస్తే ఫెయిలైన రోజు నవ్వుతారని భయం. ఊళ్లో ఎవరి గుట్టయినా దొరికితే రెండు రోజులు పండుగ చేసుకునే నేను, ఆమె గుట్టును మాత్రం నోట్లోనే పెట్టుకున్నాను. నమ్మండి, నమ్మకపోండి.

అయితే ఊరికే ఉంటే నేను నేనెట్లా అవుతాను? తెర మీద పాఠం చెప్పే సారుకు మన మొహం కూడా కనబడుతుందని చెప్పాను. కెమెరా లేదు, గిమెరా లేదు. మూడు వారాలు ఆమె కొంగు నిండా కప్పుకుని, నిటారుగా కూర్చుని, పాఠం మొదలవగానే దండం పెట్టింది. మా లైను సంగతి తెలుసు కదా, సారు మాట మధ్యలో నోరు తెరిచి ఆగిపోయేవాడు. ఆయన నోరు మూసేదాకా ఈమె పెన్ను పట్టుకుని మర్యాదగా ఎదురుచూసేది. పక్క క్యాబిన్‌లో పిల్లలు నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తితే గాని విషయం తెలియలేదు. ఆమె “నీ రోజు గూడ వస్తది తీ,” అంది, అంతే.

వచ్చింది. ఆ వానాకాలం నాకు దగ్గు పట్టుకుంది. బొగ్గు ఊళ్లో దగ్గును ఎవడు పట్టించుకుంటాడు? ఆమె మాత్రం క్యాబిన్‌లో చదువుకుంటూ నా దగ్గులు లెక్కపెట్టింది. “మూడు వారాలసంది సూస్తున్న. రేపు పరిగడుపున కఫం డబ్బీల వట్టుకరా,” అంది. పట్టుకుపోయాను. టీబీ అని తేలింది.

నా భార్యకూ పిల్లలకూ పరీక్షలు చేయించింది. వాళ్లకు లేదు. మాకూ డాక్టరుకూ తప్ప ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే చెక్కపలకల క్యాబిన్లలో ఊపిరాడకుండా కూర్చునే నా దుకాణంలోకి కుక్క కూడా రాదు. ఆరు నెలలు, వారానికి మూడు రోజులు, ఆమె కళ్ల ముందు గోళీలు మింగాలి. నేను దవాఖాన మెట్లెక్కితే వాడకట్టు కంటపడుతుందని, డాక్టరును అడిగి ఆ గోళీలు తన సంచిలో పెట్టుకుని నా దుకాణానికే తెచ్చేది. ఒక కన్ను పాఠం మీద, ఒక కన్ను నా మీద. “మింగినవా? నోరు తెరువు. నాల్క లేపు.” పెన్‌టార్చి వేసి చూసేది. చూసేవాళ్లకు ఆమె నెట్టు కోసం వచ్చినట్టు, నేను ఫ్యాను సరిచేస్తున్నట్టు ఉండేది.

“నీ సదువు సంగతి నేను జెప్ప. నా గోళీల సంగతి నువ్వు జెప్పొద్దు,” అన్నాను.

“సరే తమ్మీ,” అంది.

మొదటి పది రోజులు గోళీలతో పాటు పొద్దున్నే ఉత్త కాకరకాయ రసం కూడా తాగించింది. మందు పని చేయాలంటే తప్పదంది. తర్వాత కంపౌండర్‌ను మాటల్లో అడిగితే, అట్లాంటి నియమమేదీ లేదన్నాడు. వచ్చి నిలదీశాను. “పాఠం జెప్పే సారు నీకు దండం జెప్పమన్నడు,” అంది తెర మీంచి కళ్లు తిప్పకుండా.

సకల జనుల సమ్మెలో గనులు మూతపడి, కరెంటు పోతూ వస్తూ ఉన్న రోజుల్లో కూడా ఆమె వచ్చింది. ఇన్వర్టర్ మీద ఒక్క కంప్యూటర్ నడిపి పరీక్ష రాయించాను. గోళీలు కూడా ఒక్క రోజు తప్పలేదు. ఆరు నెలలూ అయ్యాక మళ్లీ కఫం పరీక్ష చేయించి, వీపు మీద ఒకటి చరిచి, “ఇగ నువ్వు నా పేషెంటువు గాదు, ఒట్టి తమ్మునివే,” అంది.

చివరి ఏడాది ఒక పెద్ద పుస్తకం రాయాలన్నారు ఆమెకు. టీబీ మందులు వాడేవాళ్లు ఎందుకు దాచుకుంటారు అన్నది విషయం. ఆమె ఇంగ్లీషులో కాగితాల మీద రాసి తెచ్చేది, నేను అక్షరం అక్షరం కొట్టేవాణ్ణి.

“గిందుల నేను గిట్ట ఉన్ననా అక్కా?” అని మొదట్లోనే అడిగాను.

“నీ గురించి రాస్తె పేపర్ దిద్దే సారు నవ్వి సస్తడు. నాకెందుకు గా పాపం,” అంది.

ఈ పుస్తకం వేళకు పోతే, పట్టా చేతికొస్తే, జిల్లా కేంద్రంలో ఒక పోస్టుకు దరఖాస్తు పెడతానని చెప్పింది. సూదులు లేవు, గ్లూకోజ్ సీసాలు లేవు. ఊర్లు తిరుగుతూ నీళ్లు, కాల్వలు, టీకాలు చూసుకోవడం. ఆ మాట చెప్పినప్పుడు ఆమె మొహం ఎట్లా ఉందో రాయడం నాకు రాదు.

పుస్తకం పంపడానికి చివరి రోజు సాయంత్రం ఐదింటి దాకా గడువు. ఆ పొద్దున, ఈ ఊళ్లోనే స్థిరపడ్డ కోస్తా వైపు రిటైర్డ్ ఇంగ్లీషు సారు ఏదో ప్రింటు కోసం వచ్చారు. కాగితం వచ్చేలోగా బల్ల మీదున్న పేజీలు తిరగేస్తూ కూర్చున్నారు. కాసేపటికి కళ్లద్దాలు సవరించుకున్నారు.

“ఏవయ్యా, ఈ నాలుగో కేసు ఎవరిది?”

“ఏమో సార్. నాకు కొట్టుడే ఎరుక.”

ఆయన చదివి తెలుగులో చెప్పారు. బొగ్గు పట్టణం. నలభై మూడేళ్ల మగమనిషి. నలుగురూ వచ్చిపోయే చిన్న దుకాణం. అందరినీ ఆటపట్టిస్తాడు. దగ్గు వచ్చినప్పుడల్లా గట్టిగా నవ్వుతాడు, నవ్వులో దగ్గు కలిసిపోతుందని. ఫలితం విన్న రోజు మందుల గదిలో తలుపు వేసుకుని అరగంట ఏడ్చాడు. ‘నేను పోతే ఇక నన్ను చూసి ఎవరు నవ్వుతారు’ అన్నాడు.

నిజమే. అన్నాను. గాజుగుడ్డ చుట్ట సగం అయిపోయేదాకా ఏడ్చాను. అక్కడున్నది ఆమె ఒక్కతే.

సారు నా మొహం చూశారు. ప్రింటు తీసుకుని, తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తలుపు దగ్గరి కుర్చీలోకి మారి చిల్లర కోసం అక్కడి నుంచే చెయ్యి చాపారు. గోళీలు ఆపేసి ఏడాది కావస్తున్నా అదీ మర్యాద.

నా జబ్బు గురించి రాసినందుకు కాదు నా మంట. నా ఏడుపును రాసింది. దాన్ని నా పది వేళ్లతో నా చేతే కొట్టించింది. ఒక్క తప్పు లేకుండా కొట్టావని మెచ్చుకుంది కూడా.

మూడున్నరకు సిస్టరక్క వచ్చింది. కొత్త చీర. అల్లం చాయ్ తెప్పించాను. మామూలుగానే అడిగాను.

“అక్కా, గా నాలుగో కేసు ఎవరిదే?”

ఒక్క క్షణం చాయ్ గ్లాసు గాలిలో ఆగింది. “అదా? శ్రీరాంపూర్‌ల ఒక ముసలాయన తమ్మీ. పాపం, పోయిండు,” అంది.

నా ఎదురుగా కూర్చుని, నా చాయ్ తాగుతూ, నన్ను చంపేసింది.

ఫైలు ఎక్కిద్దామని కూర్చునే వేళకు నెట్టు పోయింది. రోడ్డు తవ్వేవాళ్లు ఎక్కడో కేబుల్ తెంపారు. చౌరస్తాలో ఇంకో సెంటర్‌కు పోతానంది. ఫోన్ చేసి కనుక్కున్నాను, అక్కడా లేదు, గోదావరిఖని మొత్తంలో లేదు. ఆమె మూడో క్యాబిన్‌లో తెర చూస్తూ కూర్చుంది. ఐదయింది. ఐదుంబావు అయింది. పేజీలు సర్దుకుని, కొత్త చీర కుచ్చిళ్లు సవరించుకుని లేచింది.

“లైన్ పోతె నువ్వేం జేస్తవ్ తమ్మీ,” అంది.

ఆ తర్వాత ఆమె నా దుకాణానికి రాలేదు. ఆర్నెల్లకు మంచిర్యాలలో ఎక్కడో కూర్చుని మళ్లీ పంపిందట. పట్టా వచ్చింది. ఈలోగా ఆ పోస్టుకు గడువు దాటిపోయింది. ఇంకెవరినో తీసుకున్నారు. ఆమె సూదుల గదిలోనే ఉండిపోయింది. అక్కడే పోయింది.

పట్టా వచ్చిన వారం కంపౌండర్ చేతికిచ్చి నాకొక పుస్తకం పంపింది. సారు దగ్గరికి పోయి, దూరంగా నిలబడి, నాలుగో కేసు చదవమన్నాను. అక్కడ ఒక్క వాక్యమే ఉందన్నారాయన: ‘ఈ వ్యక్తి అనుమతి నేను అడగలేదు కనుక తొలగించాను.’ అంటే నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో చెప్పలేదు. దవాఖాన మా దుకాణానికి నూరడుగులు. నేను పోలేదు, ఆమె రాలేదు.

ముందే అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణా? ఒప్పుకునేవాణ్ణి కాదు. అయినా అడగాల్సింది. ఈ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. నా ఏడుపు నాది. చెప్పుకుంటే నేను చెప్పుకోవాలి, ఇదిగో, ఇప్పుడు చెప్పుకున్నట్టు.

చెప్పుకోవడం మొదలుపెట్టాక ఇంకొకటి మిగులుతోంది. ఇప్పటిదాకా రాసినదాంట్లో ఒక ముక్క పూర్తిగా నేను కల్పించింది. ఆ రోజు రోడ్డు ఎవరూ తవ్వలేదు. కేబుల్ ఎవరూ తెంపలేదు. నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. ఆమె కళ్లద్దాలు తుడుచుకుంటుంటే బల్ల కిందికి వంగి మోడెం వైరు పీకింది నేనే. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, మళ్లీ వంగి దాన్ని గుచ్చాను. చీకటిగా ఉన్న బల్ల కింద, నాలుగు పచ్చ లైట్లు ఒకదాని వెనక ఒకటి వెలిగాయి.