ఒక్కపొద్దు నాటి సొరకాయ

నా చిన్నప్పుడు మా అవ్వ ధర్మవరం సంతలో సొరకాయలు అమ్మేది. కోసిన ప్రతి కాయకూ తొడిమ దగ్గర చిన్న ముక్క తుంచి, నాలుకకు ఆనించి ఉమ్మేసేది. చేదు పుట్టిన సొరకాయ విషంతో సమానం. పైకి చూస్తే తెలియదు. అవ్వ చూసే ఇస్తుందన్న నమ్మకంతోనే మగ్గాల వీధి ఆడవాళ్ళు మా గంప వెతుక్కుంటూ వచ్చేవారు.

ఒకసారి సంత ఏకాదశి నాడు పడింది. ఒక్కపొద్దు ఉంటే అవ్వ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. ఆ పొద్దు కాయల రుచీ చూడలేదు. "దేవుడు చూసుకుంటాడులే" అని గంప ఎత్తుకుంది. నేనూ నమ్మాను.

ఎండెక్కాక ఒకాయన సగం కాయ కోయించుకుని, చిన్న ముక్క నోట్లో వేసుకున్నాడు.

"థూ! ఏమవ్వా, వేపాకు నూరి పోసినావా దీంట్లో?"

అవ్వ ముఖం పాలిపోయింది. అది కంచె మీది తీగ కాయ. దాని జోడు కాయను పొద్దున్నే, ఎప్పుడూ మా దగ్గరే కొనే నేతవాళ్ళ అక్క పట్టుకుపోయింది. నిండు నెలల కోడలికి కూర చేస్తానంది.

గంప అక్కడే వదిలి, అవ్వ నా చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. మాకు వీధి తెలుసు, ఇల్లు తెలియదు. ప్రతి వాకిట్లోనూ మగ్గం ఆడుతోంది. మగ్గం ఆడుతోందంటే ఆ ఇంట్లో అందరూ బాగున్నట్టే. ఆ చప్పుడు వినబడినంతసేపూ నాకు ధైర్యంగా ఉంది. మగ్గం ఆగిన ఇల్లు కనబడకూడదు స్వామీ అని మొక్కుకుంటూ పరుగెత్తాను.

వీధి చివర ఒక ఇంట్లో చప్పుడు లేదు. అవ్వ నన్ను లాక్కుంటూ లోపలికి దూరింది.

లోపల అందరూ భోజనాలకు కూర్చుంటున్నారు. కోడలు ముద్ద కలుపుతోంది.

"తినొద్దు తల్లీ!" అవ్వ అరిచిన అరుపుకు ఆ పిల్ల చేతిలో ముద్ద జారిపోయింది.

"ఏమవ్వా, ఇట్లొస్తివి? గంప యాడ?" అంది అక్క బిత్తరపోయి.

అవ్వ కంచంలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. వెంటనే బయటికెళ్ళి ఉమ్మేసింది. "పారబొయ్యమ్మా" అంది.

"నువ్విచ్చిన కాయ గదా, రుచి చూసేదేముంటాదిలే అనుకుంటి" అంది అక్క.

ఆ మాటకు అవ్వ గడప మీద కూలబడింది. చేదు కంటే, అంత నమ్మకమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

తిరిగొచ్చే దారిలో అడిగాను, "ఒక్కపొద్దు చెడిపోయ గదవ్వా?"

"లేదు పాపా. ఆ ఇంట్లోనే అది దేవునికి చేరింది. నేను చేసే పని ఆయన మీద ఏసి వస్తి చూడు, చెడింటే పొద్దున అప్పుడే చెడింది."

ఇప్పుడు ఆ సంతలో గంప నాది. ఏకాదశి నాడైనా ముందు కాయ రుచి చూసి, నోరు పుక్కిలించి, ఆ తరువాతే నామస్మరణ మొదలుపెడతాను. ఇన్నేళ్ళయినా, దారిలో ఏ ఇంట్లోనైనా మగ్గం ఆగితే గుండె జల్లుమంటుంది. ఆ భయాన్ని నా నుంచి తీసెయ్యవద్దనే దేవుణ్ణి వేడుకుంటాను.