నట్ల లచ్చిరాం టోపీ కారు

మా యాడి కారు అమ్ముతానంటే తండాలో అందరూ డబ్బు కోసమే అనుకున్నారు. అనుకోనీ. యాడి అంటే మా భాషలో అమ్మ. పేరు మంగ్లి, వయసు డెబ్బై దాటింది. కారు అమ్మాలన్న ఆమె పంతం వేరు. అదేమిటో తెలియాలంటే ముందు మా నాన్నకు ఊరు పెట్టిన పేరు చెప్పాలి. ఆ పేరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మా నాన్న లచ్చిరాం, వైరాలో వెంకటరామారావుగారి దగ్గర డ్రైవర్. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి, రిజర్వాయర్ కింద పొలాలు కొని స్థిరపడిన పెద్ద రైతు. ఆయనకు 1954 మోడల్ మోరిస్ మైనర్ ఉండేది. దాని పైకప్పు రేకు కాదు, మందపాటి గుడ్డ. వెనక్కి మడిచేస్తే కారు బోడిగా అయ్యేది. అందుకని అందరూ దాన్ని టోపీ కారు అనేవారు. భద్రాచలం అడవి దారిలో టోపీ తీసి నడుపుతుంటే తునికాకు కోసేవాళ్లు పని ఆపి మరీ చూసేవారట. 1981లో పెద్దాయన కొత్త కారు కొన్నారు. పాతదాన్ని తుక్కులో వేయడానికి మనసొప్పక, "నీలా దీన్ని చూసుకునేవాడు ఇంకెవడున్నాడురా, తీసుకుపో" అని బండి నంబర్లతో సహా కాగితం రాసి, ఆర్సీ పేరు మార్పించి నాన్నకు ఇచ్చేశారు.

అదే కొంప ముంచింది. డ్రైవర్‌కు ఎవరైనా కారు ఊరికే ఇస్తారా? ఒరిజినల్ సామాన్లన్నీ లచ్చిరాం నట్టు నట్టూ విప్పి అమ్ముకున్నాడనీ, డూప్లికేట్లు బిగించాడనీ, డొల్ల మిగిలితే పెద్దాయన వదిలించుకున్నాడనీ వైరాలో ఎవరో అన్నారు. ఇక చూడండి! "టోపీ కారుతోని దొరకే టోపీ పెట్టిండు" అని టీ కొట్ల దగ్గర ఒకటే నవ్వులు. మా నాన్న నట్ల లచ్చిరాం అయిపోయాడు. బడిలో నేను నట్ల లచ్చిరాం బిడ్డను. ఎవరి పెన్సిల్ పోయినా ముందు నా సంచి వెతికేవారు. ఇప్పుడు నేను కల్లూరులో హైస్కూల్ టీచర్ని. నా క్లాసులో ఏం పోయినా సరే, ఏ పిల్ల సంచీ వెతకనివ్వను.

నాన్న ఎవరితోనూ కొట్లాడలేదు. పొద్దున్నే లేచి కారు తుడుచుకునేవాడు. అరిగిన ప్లగ్గు మార్చినా, తెగిన బెల్టు మార్చినా పాతదాన్ని పారేయకుండా రేకు డబ్బాలో దాచేవాడు. పదకొండేళ్ల క్రితం పోయాడు. ఆ పేరుతోనే పోయాడు.

యాడి మాత్రం పడే మనిషి కాదు. ఒకసారి పోస్ట్‌మాన్ వచ్చి "నట్ల లచ్చిరాం ఇల్లు ఇదేనా?" అన్నాడు. "గా పేరుతోని ఇక్కడ ఎవ్వరు లేరు. వాపస్ తీస్కపో" అని వెళ్లగొట్టింది. ఆ కవర్లో ఉన్నది నా బీఎడ్ సీటు కాగితం! మర్నాడు పోస్టాఫీసుకు ఎనిమిది కిలోమీటర్లు సైకిల్ తొక్కుకుంటూ పోయి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి అరిస్తే, "సీటు పోతే పోతది, ఆ పేరుకు పలుకుతనా నేను?" అంది.

పోయినేడు ఫోన్‌లో ఏదో చూస్తూ మాటవరసకు ఆమెతో అన్నాను, ఇలాంటి పాత కార్లు కొనేవాళ్లు నట్టు నట్టూ విప్పి చూస్తారట, ఒక్కటి మారినా పట్టేస్తారట అని. యాడి మిరపకాయల తొడిమలు తీస్తోంది. చేయి ఆగింది.

"ప్రతి నట్టు సూస్తరా?"

"అవ్."

"గట్లయితే పిలువు. అమ్ముదాం."

"నాన్న బండి యాడీ!"

"నేను పోయినంక ఎవడో తుక్కుల ఏస్తడు. బండి పోతది, ఆ పేరు మాత్రం గట్లనే ఉంటది. నేను కండ్లతోని సూస్తుండంగ తెలిసినోడు ఇప్పి సూడాలె."

అక్కడితో ఆగితే మా యాడి ఎందుకవుతుంది? వెంకటరామారావుగారి మనవడు నాగచైతన్యకు కూడా ఫోన్ చేయించింది. అతనికి వైరాలో ఎరువుల వ్యాపారం. అతన్నెందుకు పిలవడం అని నేను గింజుకున్నాను. "ఆ మాట పుట్టింది ఆ ఊర్లనే. ఆడికే వాపస్ పోవాలె" అంది.

ఆదివారం పొద్దున హైదరాబాద్ నుంచి అనిల్‌కుమార్ వచ్చాడు. పాత కార్లు కొని బాగుచేయించడమే అతని పని. టార్చి, అయస్కాంతం, చిన్న అద్దం తెచ్చుకున్నాడు. కాసేపటికి నాగచైతన్య కూడా దిగాడు. కుర్చీలో కూర్చుంటూనే "ఏం మంగ్లీ, బాగున్నావా?" అన్నాడు. ముప్పై ఐదేళ్లుంటాయేమో. మా యాడిని! నాలుక చివరిదాకా మాట వచ్చింది నాకు. యాడి కళ్లతోనే ఆపింది.

అనిల్‌కుమార్ రెండు గంటలు చూశాడు. అద్దాలు, తలుపు పిడులు, మలుపు తిరిగేటప్పుడు పక్కనుంచి చెయ్యిలా బయటికొచ్చే ఇండికేటర్లు, అన్నీ అప్పటివే. టోపీ దగ్గర ఆగి "కుట్లు కొత్తవి, గుడ్డ మాత్రం పాతదే" అన్నాడు. "కుట్టింది నేనే" అంది యాడి. రేకు డబ్బా తెరిచి చూపిస్తే చిన్నపిల్లాడిలా నేలమీద కూలబడి ఒక్కొక్కటీ తీసి చూశాడు. తండా అంతా చుట్టూ మూగింది.

తర్వాత బానెట్ ఎత్తాడు. ఇంజన్ నంబరు ఆర్సీతో సరిపోయింది. ఇక మిగిలింది చాసిస్ నంబరు. ఇంజన్ వెనక గోడ మీద రేకు ప్లేటు ఉండాలి. ఉండాల్సిన చోట బొటనవేలంత మందాన ఎర్రగా, పసుప్పచ్చగా గట్టిపడిన పెచ్చు ఉంది.

అది బొట్టు. నంబరున్న చోటే బండికి నొసలని మా నాన్న నమ్మకం. ప్రతి శుక్రవారం, ప్రతి దసరాకూ నూనెలో కలిపిన పసుపు రాసి కుంకుమ పెట్టేవాడు. ఆయన పోయాక యాడి పెట్టింది. పెట్టిన బొట్టు తుడవకూడదు కదా, దాని మీదే మళ్లీ పెట్టేవారు. నలభై ఏళ్ల బొట్లు.

అనిల్‌కుమార్ ఇబ్బందిగా నవ్వాడు. "అమ్మా, మిమ్మల్ని అనడం లేదు గానీ, నంబరు గీకేసినవాళ్లు కూడా ఇట్లనే కప్పిపెడతరు. ఇది తెలవకపోతే ఒరిజినల్ అని నేను చెప్పలేను."

"మా నాన్న ఎప్పుడో చెప్పాడు" అన్నాడు నాగచైతన్య. "బాడీయే మార్చేసుంటాడు."

నాన్న చేతులారా పెట్టిన బొట్టే నాన్నను దొంగను చేస్తుందా? ఆ క్షణం ఆయన మీద కూడా కోపం వచ్చింది నాకు.

అనిల్‌కుమార్ సంచిలోంచి ఇనుప బ్రష్ తీశాడు. యాడి అతని మణికట్టు పట్టుకుంది.

"దాంతోని రుద్దితే కింద అంకెలు గూడ పోతయ్. అప్పుడు లచ్చిరామే గీకిండంటరు. పక్కకు జరుగు."

నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి తెచ్చింది. పాత నూలు చీర చింపి, ముక్కలు నూనెలో ముంచి పెచ్చు మీద అద్దుతూ నిలబడింది. నేను చేస్తానంటే చెయ్యి తోసేసింది. గంట కావచ్చింది. నాగచైతన్య వాచీ చూసుకుని "ఇంకెంతసేపు?" అన్నాడు.

"మేం నలభై ఏండ్లు ఆగినం బాబూ. నువ్వు గంట ఆగలేవా?"

పెచ్చు మెత్తబడింది. అంచు లేచింది. యాడి గోటితో మెల్లగా ఒలిచింది. చుట్టూ ఇనుమంతా గోధుమరంగు తిరిగింది గానీ, ఆ ప్లేటు నిన్న బిగించినట్టు మెరుస్తోంది. అనిల్‌కుమార్ టార్చి వేసి ఒక్కో అంకే గట్టిగా చదివాడు. నేను ఒక చేతిలో ఆర్సీ, ఒక చేతిలో పెద్దాయన రాసిన కాగితం పట్టుకుని చూసుకుంటున్నాను. చివరి అంకె దగ్గర అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. అదే నంబరు.

"ఈ నూనె, పసుపే తుప్పు పట్టనీయలేదమ్మా" అన్నాడు అనిల్‌కుమార్. "ఇంత పాత బండిల ఇంత మంచి ప్లేటు నేను చూడలే. అంతా ఒరిజినలే. ఒక్క నట్టు గూడ మారలే."

నాగచైతన్య కుర్చీలోంచి లేచాడు. "మంగ్లమ్మా, ఎంతైనా మా తాతగారి కారు. ఈయనకంటే ఎక్కువే ఇస్తా. మా ఇంట్లోనే ఉండనీ."

"ఏందీ? ఇందాక మంగ్లీ, ఇప్పుడు మంగ్లమ్మనా? ఇందాక బాడీ మార్చిన బండి, ఇప్పుడు తాత బండా? మీ తాత మంచోడు. ఆయనే అడిగితే ఊరికే ఇద్దును. నీకైతే అమ్మేదే లేదు, పో!"

తండావాళ్లు ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను, దాచుకోలేదు.

అనిల్‌కుమార్ అమ్మకం కాగితం రాస్తూ చదివాడు: "కీర్తిశేషులు లచ్చిరాం భార్య మంగ్లి..."

"గట్ల కాదు. నట్ల లచ్చిరాం అని రాయి."

నేను ఉలిక్కిపడ్డాను. ఆ పేరుతో అడిగాడని నా సీటు కాగితం తిప్పి పంపిన మనిషి! "ఆ పేరెందుకు యాడీ?"

"రాయమను. ఒక్క నట్టు గూడ పోనియ్యలే. ఆయన నట్ల లచ్చిరాం గాకపోతే ఇంకెవడు?"

కాగితం పూర్తయ్యాక యాడి దాన్ని నాగచైతన్య ముందు పెట్టింది.

"సాక్షి సంతకం నువ్వు పెట్టు బాబూ. పైకి సదివి పెట్టు."

తండా అంతా అతన్నే చూస్తోంది. అతను చదివాడు, పేరుతో సహా. చదివి సంతకం పెట్టాడు.